మెటీరియల్ నిజమే, మరి షేరు సంగతి? ఒక క్లయింటు కేసు

చిన్న కంపెనీ షేర్లలో డబ్బు ఇరుక్కుపోయిన కేసులు ఆర్థిక సలహాదారులమైన మా పనిలో మామూలే. చాలావాటిలో కథ ఒకటే, ఎవరో చెప్తే కొన్నారు, ఆ కంపెనీ ఏం చేస్తుందో కూడా సరిగ్గా తెలియదు. ఈ కేసు అలాంటిది కాదు కాబట్టే రాస్తున్నాను. ఆ కంపెనీ తయారుచేసే పదార్థం గురించి ఈ క్లయింటుకి నాకన్నా, ఆయన బ్రోకర్ కన్నా, బహుశా ఆ కంపెనీ ప్రెస్ నోట్లు రాసేవాళ్ల కన్నా కూడా ఎక్కువ తెలుసు. ఆయన్ని ఇరికించింది ఆ తెలివే. పేరు, ఊరు, కంపెనీ, అసలు మొత్తాలు తీసేశాను. నిష్పత్తులు మాత్రం ఉంచాను, అవి లేకపోతే ఈ కేసులో చెప్పడానికి ఏమీ మిగలదు.

నేపథ్యం

ఆయనకి యాభై దాటాయి. ఇంజినీరు, పాలిమర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. అప్పుల్లేవు, పొదుపు బాగానే ఉంది. కంపెనీ తయారుచేసేది కార్బన్ ఆధారిత నానో పదార్థం. ప్లాస్టిక్కులోనో, పెయింటులోనో, బ్యాటరీ ఎలక్ట్రోడులోనో కొద్ది మోతాదు కలిపితే బలమో, కరెంటు ప్రసరించే గుణమో పెరుగుతుంది. ల్యాబ్‌లో పనిచేస్తుందనడంలో అనుమానం లేదు. చిన్న స్థాయిలో ప్రయోగాత్మకంగా తయారుచేసే పైలట్ ప్లాంట్ ఉంది, పేటెంట్లు ఉన్నాయి, అమ్మకాలు మాత్రం నామమాత్రం. జీతాలు, కరెంటు బిల్లులు, పరిశోధన, అన్నీ కొత్త షేర్లు జారీ చేసి తెచ్చిన డబ్బుతోనే నడుస్తున్నాయి.

మొదట తన పొదుపులో ఐదు శాతం పెట్టారు. అదేం తప్పు కాదు, సరదాకి ఐదు శాతం పెట్టుకోవచ్చనే నేనూ చెప్తాను. నా దగ్గరికి వచ్చేసరికి అది ముప్పై ఎనిమిది శాతమైంది. రేటు పెరిగి అంతైందనుకునేరు, అదీ కాదు. రేటు పడిన ప్రతిసారీ "యావరేజ్" చేస్తూ, అంటే సగటు కొనుగోలు రేటు తగ్గించుకోవడానికి ఇంకొన్ని కొంటూ పోయారు. అందులో కొంత అమ్మాయి పై చదువుకి అనుకున్న డబ్బు, కొంత ఎమర్జెన్సీ కోసం దాచింది.

ఆయన అడిగింది, ఆవిడ అడిగింది

ఆయన వచ్చింది ఈ షేరు గురించి మాట్లాడటానికి కాదు, రిటైర్మెంట్ ప్లాన్ వేయించుకోవడానికి. లిస్టు చూపిస్తూ ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి, "దీన్ని ముట్టుకోవద్దండీ, మిగతావి చూడండి" అన్నారు. పక్కనే ఉన్న ఆయన భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. "అది పెరక్కపోతే మన లెక్క ఏంటి?" అని అడిగారు, నన్ను కాదు, ఆయన్ని. "పెరగడం ఖాయం, ఎప్పుడన్నదే తేలాలి" అన్నారాయన.

నేను ఆ మాట నోట్ చేసుకున్నాను, ఎందుకంటే నా పని అక్కడే ఉందనిపించింది. వాటా ముప్పై ఎనిమిది శాతమన్నది పైకి కనిపించే సమస్య, దాని కింద ఇంకోటుంది. ఏ వార్తొచ్చినా ఆయన నమ్మకం పెరిగేలాగే ఉంది వ్యవహారం. ఒప్పందం కుదిరిందంటే చూశారా అంటారు, నెలల తరబడి వార్తలేమీ లేకపోతే ఏదో పెద్దది వస్తోంది కాబట్టే గమ్మున ఉన్నారంటారు. ఏం జరిగితే తను పొరపాటు పడ్డట్టు ఒప్పుకుంటారో ఆయన దగ్గర రాసిపెట్టుకున్నది ఏమీ లేదు. అలాంటి మనిషికి డబ్బుని ఒకేచోట పెట్టకుండా విడదీసి పెట్టే డైవర్సిఫికేషన్ గురించి పాఠం చెప్తే తలూపి వెళ్లిపోతారు.

పనిచేయనివి

మొదట టెక్నాలజీ చరిత్ర మీద మాట్లాడి చూశాను. ఒక్క అణువు మందం ఉండే కార్బన్ పొర గ్రాఫీన్‌ని 2004లో మాంచెస్టర్‌లో వేరుచేశారు, 2010లో గీమ్, నోవోసెలోవ్‌లకి నోబెల్ వచ్చింది, అయినా దాంతో బాగుపడ్డ చిన్న కంపెనీలు ఎన్ని అని అడిగాను. 2018లో వచ్చిన ఒక అధ్యయనం కూడా ముందుపెట్టాను. ప్రపంచవ్యాప్తంగా అరవై మంది ఉత్పత్తిదారుల శాంపిళ్లు పరీక్షిస్తే, గ్రాఫీన్ పేరుతో అమ్ముతున్న పొడుల్లో చాలావాటిలో అసలు గ్రాఫీన్ పది శాతం కూడా లేదని తేలింది. ఆయన నవ్వారు. "అదేనండీ నేను చెప్పేది, మిగతావాళ్లు గ్రాఫైట్ పొడి అమ్ముతున్నారు, మావాళ్లది అలా కాదు, నేను స్పెక్ షీట్లు చూశాను" అన్నారు. ఆ మాట నిజమే కూడా. పదార్థం మీద వాదనకి దిగితే నేను ఓడిపోవడం ఖాయం, పైగా ఓడిన ప్రతిసారీ షేరు మీద ఆయన నమ్మకం ఇంకొంచెం గట్టిపడుతుంది. "మావాళ్లు" అన్న మాట గమనించారా, అప్పటికే ఆయన ఇన్వెస్టర్ స్థానంలోంచి లేచి కంపెనీ వైపు కూర్చున్నారు.

ఆయన వైపు నుంచి వచ్చిన ఉదాహరణలు కెవ్లార్ (బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే గట్టి పోగు), కార్బన్ ఫైబర్. వీటి మీద మాత్రం కాసేపు ఆగాను. కెవ్లార్‌కి దారితీసిన పాలిమర్‌ని స్టెఫనీ క్వోలెక్ 1965లో కనిపెట్టింది, డ్యూపాంట్‌లో. అంటే వేరే వ్యాపారాల లాభాలతో ఏళ్ల తరబడి ఎదురుచూడగలిగిన కంపెనీలో. ఆ నిరీక్షణ ఖర్చు ఆ ఒక్క పదార్థాన్ని నమ్ముకున్న వాటాదారుల నెత్తిన పడలేదు. కార్బన్ ఫైబర్‌ని జపాన్‌లో టోరే కంపెనీ 1971లో వాణిజ్యపరంగా తయారుచేయడం మొదలుపెట్టింది, విమానం రెక్కలు తర్వాతి సంగతి, మొదట అది వెళ్లింది చేపలు పట్టే గేలపు కర్రల్లోకి, గోల్ఫ్ స్టిక్కుల్లోకి. బరువులో సగం దాకా కాంపోజిట్లతోనే (కార్బన్ ఫైబర్ లాంటి పోగుల్ని ప్లాస్టిక్కులో కలిపి చేసే పదార్థాలతో) చేసిన బోయింగ్ 787 ప్రయాణికులతో ఎగిరింది 2011లో. నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లూ టోరే వేరే ఫైబర్లు అమ్ముకుని బతికింది. మన కంపెనీకి అమ్ముకోవడానికి సొంత షేర్లు తప్ప ఇంకేమీ లేవు. ఇది ఆయన శ్రద్ధగా విన్నారు, కాదనలేదు, కానీ ఒక్క షేరు కూడా అమ్మలేదు. ఒప్పుకోవడం వేరు, అమ్మడం వేరు.

తర్వాత సగం అమ్మమన్నాను. మామూలుగా ఇది చాలామందికి పనిచేసే రాజీ, పెరిగితే సగం ఉంటుంది, పడితే సగం బయటపడింది. ఈయనకి పనిచేయలేదు, ఎందుకంటే ఆయన మనసులో ఒక రేటుంది, తన సగటు కొనుగోలు రేటు. "నా రేటుకి రానివ్వండి, మీరు చెప్పినంతా అమ్మేస్తాను" అన్నారు. మీరు ఎంతకి కొన్నారో మార్కెట్‌కి తెలియదు, పట్టింపూ లేదు అని చెప్పాను. ఆ తర్వాత రేటు ఇంకొంచెం పడింది, ఆయన అమ్మకపోగా ఇంకొన్ని కొన్నారు. సగటు తగ్గింది కదా అన్న సంతోషం ఒకటి.

స్టాప్‌లాస్ కూడా పెట్టించాను, అంటే రేటు ఒక స్థాయికి పడితే దానంతటదే అమ్మేసే ఆర్డరు. రేటు దగ్గరికి రాగానే దాన్ని కిందికి జరిపారు, మళ్లీ జరిపారు. ఈలోగా ఒకరోజు మార్కెట్ ముగిశాక కంపెనీ అప్పటి రేటు కన్నా బాగా తక్కువకి కొత్త షేర్లు జారీ చేస్తున్నట్టు ప్రకటించింది. మర్నాడు షేరు ఆ కింది రేటు దగ్గరే తెరుచుకుంది. రోజుకి కొద్ది షేర్లే చేతులు మారే కౌంటర్లలో స్టాప్‌లాస్ అనేది ఉందన్న ధైర్యం తప్ప పెద్దగా ఒరగబెట్టేది లేదు. పెద్ద ఉదాహరణ కావాలంటే జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్. నీలమణి గాజు తయారుచేసే కంపెనీ, 2013 నవంబర్‌లో యాపిల్ నుంచి 57.8 కోట్ల డాలర్ల అడ్వాన్సుతో ఒప్పందం, 2014 అక్టోబర్‌లో దివాలా పిటిషన్. షేరు ఒక్కరోజులో తొంభై శాతం దాకా పోయింది. పదార్థం నిజం, కస్టమర్ నిజం, అడ్వాన్సూ నిజమే. కావలసిన సైజులో, కావలసిన నాణ్యతతో, ఆ ధరకి తయారుచేయడం దగ్గరే దెబ్బతిన్నారు.

ఏ లెక్క దగ్గర కదిలింది

ఇక్కడిదాకా వచ్చాక ఆయన బలంగా ఉన్న చోట వాదించడం మానేశాను. పదార్థం గురించి మీరు చెప్పేదంతా నిజమనే అనుకుందాం, వందకి వంద, అన్నాను. నన్ను ఒక్క అంకె మాత్రం చూడనివ్వండి, కంపెనీ జారీ చేసిన మొత్తం షేర్ల సంఖ్య. వార్షిక నివేదికలు తీసి ఏడాదికో లైను చొప్పున ఆయన చేతే కాగితం మీద రాయించాను. ఇంజినీర్లకి ఎదుటివాళ్లు చెప్పే లెక్క కన్నా తాము వేసుకున్న లెక్క మీదే గురి.

ఆయన మొదటిసారి కొన్నప్పుడు షేర్ల సంఖ్యని వంద అనుకుంటే, ఇప్పుడు అది రెండువందల నలభై. షేరు రేటు అప్పటికీ ఇప్పటికీ సరిగ్గా సగమైంది. మార్కెట్ మా కంపెనీని అర్థం చేసుకోవడం లేదన్నది ఆయన నిత్యం చేసే ఫిర్యాదు. షేర్ల సంఖ్యని రేటుతో గుణించమన్నాను. అప్పుడు వందని ఒకటితో గుణిస్తే వంద. ఇప్పుడు రెండువందల నలభైని సగంతో గుణిస్తే నూట ఇరవై. అంటే కంపెనీ మొత్తానికి మార్కెట్ ఇచ్చే విలువ ఇరవై శాతం పెరిగింది. ఆయన షేరు సగమైంది. రెండూ ఒకేసారి జరిగాయి.

పెన్ను పక్కన పెట్టి చాలాసేపు ఆ కాగితం చూశారు. "అంటే వీళ్లు మమ్మల్ని తక్కువేం చూడలేదు" అన్నారు చివరికి. అంతే కదా. మార్కెట్ గుర్తించలేదన్నది తప్పు, గుర్తింపు దక్కింది, దాన్ని మధ్యలో వచ్చిన కొత్త వాటాదారులు పంచుకున్నారు. ఇలాంటి కంపెనీలకి బ్యాంకు అప్పివ్వదు, తనఖాకి ఏముంది? కాబట్టి షేర్లు, వారంట్లు (ముందే చెప్పిన రేటుకి తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు), లేదంటే కన్వర్టిబుల్ నోట్లు (తర్వాత షేర్లుగా మార్చుకోగలిగే అప్పు). ఆ నోట్లలో కొన్నిటికి ఒక మెలిక ఉంటుంది, అప్పు షేర్లుగా మారే రేటు ముందే స్థిరంగా ఉండదు, మార్చుకునే రోజు మార్కెట్ రేటు కన్నా కొంత తగ్గింపుతో ఉంటుంది. రేటు ఎంత పడితే అన్ని ఎక్కువ షేర్లు పుడతాయి, అవి అమ్మకానికొచ్చి రేటుని ఇంకా పడేస్తాయి. ఇవన్నీ ప్రెస్ నోట్‌లో ఉండవు, వార్షిక నివేదిక చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. అదే నివేదికలో ఆడిటర్ రాసే పేరా కూడా ఒకటుంటుంది, కంపెనీ కొనసాగగలదా అన్నదాని మీద గణనీయమైన సందేహం ఉందని. ఈ కంపెనీ నివేదికలో ఆ పేరా ఉంది. ఆయన దాన్ని చదివారు కూడా, "అందరికీ రాస్తారులే" అనుకున్నారట.

రెండో లెక్క టార్గెట్ రేటుది. ఆయన దగ్గర ఒక టార్గెట్ ఉండేది, పది రెట్లు. కంపెనీ పెద్దదైతే దాని విలువ ఎంతుండాలో అంచనా వేసి, ఇప్పుడున్న షేర్ల సంఖ్యతో భాగించి పట్టుకున్న అంకె అది. విలువ అంచనాని నేను కదపలేదు. అంత పెద్దది కావాలంటే ప్లాంట్ కట్టాలి కదా, దానికి ఎంతవుతుందన్నారు కంపెనీ వాళ్లు అని అడిగాను. వాళ్లే చెప్పిన అంచనా ప్రకారం ఇప్పటి మార్కెట్ విలువకి ఒకటిన్నర రెట్లు. మరి ఆ డబ్బెక్కడిది? ఇప్పటి రేటుకే షేర్లు జారీ చేయగలిగినా రెండువందల నలభై కాస్తా ఆరువందలవుతుంది. పది రెట్లన్నది నాలుగు రెట్లకి దిగింది. తగ్గింపు రేటుకి జారీ చేస్తే ఇంకా కిందికి.

అప్పుడడిగాను, అంతా అనుకున్నట్టు జరగడానికి మీ లెక్కన అవకాశం ఎంత? నిజాయితీగా ఆలోచించి ముప్పై శాతం అన్నారు. నాకది ఎక్కువనిపించింది, అయినా కాదనలేదు. జరగకపోతే సున్నా అనుకుంటే నాలుగులో ముప్పై శాతం, ఒకటిన్నర కూడా కాదు, ఒకటి పాయింట్ రెండు. ఎన్నేళ్లకి? ఏడేళ్లన్నారు. ఏడాదికి మూడు శాతం కూడా రాదు. ఇది ఆయన ఆశావాదంతో, ఆయన అంకెలతో వచ్చిన ఫలితం, నా పెసిమిజం ఒక్క చుక్క కూడా ఇందులో లేదు. పది రెట్లయితే ముప్పై శాతం అవకాశం అద్భుతమైన పందెం, నాలుగు రెట్లయితే బ్యాంక్ డిపాజిట్‌తో కూడా పోటీపడటం కష్టం. తేడా అంతా షేర్ల సంఖ్యలోనే ఉంది.

అమ్మకం

అయినా ఆ రోజు అమ్మలేదు. అమ్మమని నేనూ ఒత్తిడి చేయలేదు. నిర్ణయాన్ని రెండు ముక్కలు చేశాను. అమ్మాయి చదువు డబ్బు, ఎమర్జెన్సీ డబ్బు ఈ షేరులోంచి బయటికి రావాలి, దీనికి షేరు మీద నమ్మకంతో సంబంధం లేదు, ఆ డబ్బు మొదట్నుంచీ అక్కడ ఉండాల్సింది కాదు. ఇది ఆయన భార్య ఎదుటే మాట్లాడాం, ఎందుకంటే ఆ డబ్బులో ఆవిడ సంపాదన కూడా ఉంది. "రిస్క్ తగ్గించుకోండి" అన్నప్పుడు కదలని మనిషి "ఫీజు కట్టే తేదీ ఇది" అన్నప్పుడు కదిలారు. షేరుని నమ్మడం మానేయకుండానే అమ్మొచ్చు అన్నది ఆయనకి పెద్ద ఊరట అయ్యింది అనుకుంటాను.

మిగిలినదానికి షరతులు రాయించాను, ఆయన దస్తూరీలోనే. కంపెనీ ప్రకటనలన్నిటికీ ఒక రిజిస్టర్, ఏం ప్రకటించారు, ఎప్పటికల్లా అన్నారు, ఏమైంది అని. పాతవి కూడా ఎక్కించమంటే ఓ సాయంత్రం కూర్చుని ఎక్కించారు. అవగాహన ఒప్పందాలు చాలానే ఉన్నాయి, చాలావాటికి ఎవరూ కట్టుబడి ఉండక్కర్లేదు, "ఏమైంది" అన్న గడి చాలా లైన్లలో ఖాళీగా ఉండిపోయింది. ఆయనకి బాగా తెలిసిన విషయం ఒకటి ఇక్కడ పనికొచ్చింది. ఏ పెద్ద తయారీదారూ కొత్త పదార్థాన్ని ఊరికే తన లైన్‌లోకి రానివ్వడు, శాంపిల్ తీసుకుంటాడు, పరీక్షిస్తాడు, ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ తేడా రాకూడదంటాడు, ఏళ్లు పడుతుంది. శాంపిల్ కొన్నాడంటే అర్థం ఏమీ లేదు, అదే కస్టమర్ డబ్బిచ్చి మళ్లీ కొన్నాడంటే అర్థం ఉంది. అందుకని మొదటి షరతు అదే రాశారు, ఫలానా తేదీలోగా ఒకే కస్టమర్ నుంచి రెండోసారి డబ్బు చెల్లించిన ఆర్డరు రావాలి, రాకపోతే మిగిలినవీ అమ్మేయాలి. రెండోది, ఏ పరిస్థితిలోనూ కొత్త డబ్బు పెట్టకూడదు. మూడోది కొంచెం వింతగా ఉంటుంది, కంపెనీకి సంబంధంలేని వార్త వల్ల రేటు పెరిగితే ఆ రోజే కొంత అమ్మాలి.

ఈ మూడోది 2023లో జరిగినదాన్ని చూసి పెట్టించింది. గది ఉష్ణోగ్రత దగ్గరే పనిచేసే సూపర్‌కండక్టర్ (ఏ నిరోధమూ లేకుండా కరెంటుని ప్రసరింపజేసే పదార్థం) అంటూ కొరియా శాస్త్రవేత్తలు ఎల్‌కే-99 గురించి జులైలో ప్రకటించగానే, దానితో ఏ సంబంధమూ లేని అమెరికన్ సూపర్‌కండక్టర్ షేరు కూడా ఎగిరింది, పేరులో ఆ మాట ఉన్నందుకు. కొద్ది వారాల్లోనే ఇతర ల్యాబులు అది సూపర్‌కండక్టర్ కాదని తేల్చేశాయి. అలాంటి ఎగుడు వచ్చినప్పుడు చిన్న ఇన్వెస్టరు "ఇప్పుడు మొదలైంది" అనుకుంటాడు. నిజానికి ఇలాంటి పలచటి కౌంటర్లలో కొనేవాళ్లు దండిగా ఉండేది ఆ రోజుల్లోనే, మామూలు రోజున కాస్త పెద్ద ఆర్డరు పెడితే మన అమ్మకమే రేటుని పడేస్తుంది.

కొన్నాళ్లకి అలాంటి రోజే వచ్చింది, ఇదే రంగంలో వేరే కంపెనీ వార్తకి మన షేరు కూడా లేచింది. పొద్దున్నే ఫోను. "ఇవాళ అమ్మాలా అండీ, ఇంకా పెరిగేట్టుంది." మీరు రాసుకున్న కాగితంలో ఏముందో చదవండి అన్నాను. చదివారు. కాసేపు నసిగి లిమిట్ ఆర్డర్లు (ఫలానా రేటుకి తగ్గితే అమ్మొద్దనే ఆర్డర్లు) పెట్టారు, ముక్కలు ముక్కలుగా, కొంత వెళ్లింది, కొంత వెళ్లలేదు. మిగతాది తర్వాతి వారాల్లో. చదువు, ఎమర్జెన్సీ డబ్బు పోగా మిగిలినదాంట్లో మొత్తమ్మీద మూడింట రెండొంతులు బయటికొచ్చింది, ఆయన సగటు రేటు కన్నా తక్కువకే. నష్టం నష్టమే, దాన్ని అందంగా చెప్పే మార్గం లేదు.

నేను పట్టుకున్నవి

సాటి సలహాదారులకి ఒకటి చెప్తాను. క్లయింటుకి పదార్థం మీద ఉన్న నమ్మకాన్ని చెడగొట్టే పని పెట్టుకోకండి. అది తప్పు కాకపోవచ్చు, పైగా మనకి ఆ అర్హత ఉండదు. ఆ నమ్మకం షేరుకి బదిలీ అయ్యే చోటు ఒకటుంటుంది, పట్టుకోవాల్సింది దాన్ని. బేయర్ లాంటి పెద్ద కంపెనీ లెవర్‌కూసెన్‌లో ఏడాదికి రెండువందల టన్నుల సామర్థ్యంతో కార్బన్ నానోట్యూబుల (కార్బన్‌తో చేసిన అతి సన్నటి గొట్టాల) ప్లాంట్ పెట్టి, 2013లో ఆ వ్యాపారాన్నే మానుకుంది. నానోట్యూబులు పనిచేయవని కాదు, వాటి వాడకం చిన్న చిన్న ముక్కలుగా చెదిరిపోయి ఉంది. బేయర్ వాటాదారులకి అది వార్షిక నివేదికలో ఒక పేరా. ఒకే పదార్థం మీద బతికే కంపెనీ వాటాదారుకి అదే సర్వస్వం.

ఇంకోటి, షరతులు రాయించేటప్పుడు రేటుతో ముడిపెట్టొద్దు. రేటు షరతుల్ని జరిపేయడం తేలిక, ఈయన చేసిందే అది. రిపీట్ ఆర్డరు, షేర్ల సంఖ్య, చేతిలో నగదు ఎన్ని నెలలకి సరిపోతుంది, ఇలాంటివి జరపడానికి కుదరవు. చార్టులు కూడా ఈ విషయంలో పనికిరావు, షేర్ల సంఖ్య పెరగడం చార్టులో కనిపించదు, రివర్స్ స్ప్లిట్ (కొన్ని పాత షేర్లని కలిపి ఒక్క షేరుగా మార్చడం) జరిగితే పాత రేట్లన్నీ సర్దేసి చూపిస్తుంది కాబట్టి అసలు ఏం జరిగిందో కూడా తెలియదు.

ఈ మధ్య రెండు జరిగాయి. మొదటి షరతు నెరవేరింది, చెప్పిన తేదీ లోపలే, ఒక కస్టమర్ రెండోసారి డబ్బిచ్చి కొన్నాడు. ఆర్డరు చిన్నదే, అయినా షరతు షరతే కాబట్టి మిగిలిన షేర్లు ఆయన దగ్గరే ఉన్నాయి. ఆ వెంటనే కంపెనీ పాత వాటాదారులకి తగ్గింపు రేటుకి రైట్స్ ఇష్యూ ప్రకటించింది. డబ్బు కడితే రెండో షరతు పోతుంది, కట్టకపోతే వాటా పలచబడుతుంది. ఆయనకి చాలా టెన్షన్ పట్టుకుంది, మంచి వార్త వచ్చిన నెలలోనే ఇలా అడిగారేంటి అని. మంచి వార్త వచ్చాకే అడుగుతారు, ఇంకెప్పుడు అడుగుతారు అన్నాను. రైట్స్‌ని విడిగా అమ్ముకునే వీలుంది కాబట్టి గడువు లోపల వాటిని మార్కెట్‌లో అమ్మేశారు. పెద్ద మొత్తమేం రాలేదు, వచ్చింది అమ్మాయి చదువు ఖాతాలో వేశారు.

ఇప్పుడు ఆ షేరు ఆయన పొదుపులో ఐదు శాతం లోపే ఉంది. ఆడిటర్ పేరా కిందటేడు లాగే ఉందో, మారిందో వచ్చే నివేదికలో చూడాలి.